వాలు మీద పచ్చ పట్టీలు: మెట్టనేల నమూనా ప్రాజెక్టు డైరీ

ఏడాదికి 250 నుంచి 750 మి.మీ. వాన పడే వాలు నేల మీద మొక్కలు, నేల పైపొర, వాతావరణం ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో లెక్కకట్టే చిన్న కంప్యూటర్ నమూనా ఇది. మామూలు ల్యాప్‌టాప్, పైథాన్, లెక్కలకు నంపై, గీతలకు మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలు. మళ్లీ కట్టుకునేవాళ్లకు పనికిరావాలని, ముఖ్యంగా లెక్క ఎక్కడెక్కడ విరుగుతుందో ముందే తెలియాలని రాస్తున్నాను.

మొదటి నుంచి ఒకే నియమం పెట్టుకున్నాను. ప్రతి దశలో రెండు పద్దులు సరిపోవాలి: శక్తి పద్దు, నీటి పద్దు. వచ్చిన వాట్లు వెళ్లిన వాట్లతో, పడిన మిల్లీమీటర్లు ఖర్చయిన, నిల్వ ఉన్న మిల్లీమీటర్లతో కుదరాలి. పద్దు కుదరని నమూనా "ఇక్కడ పచ్చదనం కుప్పకూలింది" అని చూపిస్తే దాన్ని ఫలితంగా రాసుకోలేదు. ఈ రంగంలో ఇలాంటి మలుపులు చాలా తేలిగ్గా పుడతాయి. కొన్ని ప్రకృతివి, కొన్ని మనం లెక్కకట్టే పద్ధతివి. వాటిని విడదీయడమే ఈ ప్రాజెక్టులో అసలు పని.

దశ 1: ఒక చదరపు మీటరు, ఎండ మధ్యాహ్నం

ముందు నీళ్లు, వాలు, కాలం ఏవీ లేకుండా ఒక్క చోట శక్తి పద్దు మాత్రమే.

1. ఎండ: చదరపు మీటరుకు 900 వాట్లు. ఆకాశం నుంచి దిగే ఉష్ణ వికిరణం: 380 వాట్లు. గాలి వేడి: 30 డిగ్రీలు.
2. నేల తిప్పికొట్టే వంతు, అంటే అల్బెడో, తీసేయాలి.
3. నేల తానుగా వెదజల్లే వికిరణం తీసేయాలి. ఉద్గార గుణకం, అంటే వెదజల్లగలిగే గరిష్ఠ వికిరణంలో నేల నిజంగా వెదజల్లే వంతు, 0.95.
4. మిగిలిన నికర వికిరణం మూడు దారుల్లో పోతుంది: నేల లోపలికి, గాలిని వేడెక్కించడానికి, నీటిని ఆవిరి చేయడానికి.
5. ఈ పద్దు సరిపోయే ఉపరితల ఉష్ణోగ్రతను వెతకాలి.

ఐదో మెట్టే మొదట విరిగింది. ఒక ఉష్ణోగ్రత అనుకుని, దానితో వికిరణం లెక్కేసి, దాన్నుంచి కొత్త ఉష్ణోగ్రత తెచ్చి, మళ్లీ అదే చేయడం సులువైన దారి. పగలు బాగానే నడిచింది. గాలి కదలని రాత్రి విలువలు ఇస్తే జవాబు అటూ ఇటూ ఊగుతూ పెద్దదైపోయింది. కారణం లెక్కలోనే దొరుకుతుంది. రాత్రి నికర వికిరణంలో సగం నేలలోంచే వస్తుందని తీసుకుంటే, గాలి నిరోధం (ఉపరితలం వేడి గాలిలోకి పోవడానికి ఉన్న అడ్డు) మీటరుకు 450 సెకన్లు దాటినప్పుడు ప్రతి అడుగులో పొరపాటు తగ్గడానికి బదులు పెరుగుతుంది.

మార్పు: బైసెక్షన్. గాలి కంటే 30 డిగ్రీలు తక్కువ నుంచి 60 డిగ్రీలు ఎక్కువ వరకు ఉన్న 90 డిగ్రీల పరిధిని సగం సగం చేస్తూ పోవాలి. 20 సార్లకు 0.0001 డిగ్రీ లోపుకు వస్తుంది. నెమ్మది పద్ధతే, కానీ ఎప్పుడూ తప్పిపోదు. వేగం కోసం ఇక్కడ వేరే పద్ధతి పెట్టుకోవద్దని నా సలహా. తర్వాతి దశల్లో ఈ భాగం విరిగితే ఎక్కడ విరిగిందో కనిపించదు.

ఇదే కోడ్ నుంచి వచ్చిన నాలుగు జవాబులు:

- తెల్లటి బోడి నేల, అల్బెడో 0.35, గాలి నిరోధం 80, పూర్తిగా ఎండిపోయింది: ఉపరితలం 48 డిగ్రీలు. నికర వికిరణం 374 వాట్లు, గాలిలోకి వెళ్లే వేడి 262.
- నల్లటి బోడి నేల, అల్బెడో 0.20, మిగతావి అవే: 52.7 డిగ్రీలు.
- చెట్ల కప్పు, అల్బెడో 0.12, గాలి నిరోధం 20, ఎండాకాలంలో ఆకులు నీరు వదలడం ఆగిపోయింది: 39.8 డిగ్రీలు. నికర వికిరణం 636, గాలిలోకి 573.
- అదే కప్పు, ఆకుల నిరోధం (ఆకుల నుంచి నీరు ఆవిరిగా పోవడానికి ఉన్న అడ్డు) 200, నీరు అందుతోంది: 34.7 డిగ్రీలు. ఆవిరి మీద 325 వాట్లు, అంటే గంటకు 0.48 మి.మీ. నీరు.

బోడి నేలల్లో నికర వికిరణంలో 30 శాతం, చెట్ల కింద 10 శాతం నేలలోకి వెళ్తుందని తీసుకున్నాను.

ఈ నాలుగు అంకెల దగ్గర చాలాసేపు ఆగాను. మొదటి రెండూ చూస్తే తెల్లబడిన నేల చల్లగా ఉంటుంది. 1974లో ఆటర్‌మన్ సినాయ్–నెగెవ్ ఎడారుల సరిహద్దు గురించి చెప్పింది ఇదే: పశువులు మేసేసి తెల్లగా తేలిన వైపు ఎండను ఎక్కువ తిప్పికొట్టి చల్లబడుతుందని. మరుసటి ఏడాదే జాక్సన్, ఇడ్సో దాన్ని ఖండించారు, మొక్కలు పోయిన నేల వేడెక్కుతుందని. నా పట్టికలో రెండు వాదాలకూ చోటుంది. అల్బెడో ఒక్కటే మారితే ఆటర్‌మన్ లెక్క నిలుస్తుంది. కానీ మొక్కలు పోయినప్పుడు అల్బెడో ఒక్కటే మారదు. ఉపరితలం నునుపై గాలి నిరోధం పెరుగుతుంది, ఆవిరి ఆగిపోతుంది. అప్పుడు 39.8 నుంచి 48కి, నీరందే చెట్లతో పోలిస్తే 34.7 నుంచి 48కి ఎగబాకుతుంది.

మూడో వరుస మీద నమ్మకం కుదరడానికి కారణం యతీర్ అడవి. ఇజ్రాయెల్‌లో ఏడాదికి 280 మి.మీ. వాన పడే చోట పైన్ చెట్లు నాటి పెంచిన అడవి అది. 2010లో రోటెన్‌బర్గ్, యాకిర్ అక్కడి కొలతలు ప్రచురించారు. పక్కనున్న పొదల నేల కంటే అడవి ముదురు రంగు, ఎక్కువ ఎండను పీల్చుకుంటుంది, అయినా దాని ఉపరితలం దాదాపు 5 డిగ్రీలు చల్లన. గరుకైన కప్పు గాలిలోకి వేడిని తేలిగ్గా వదిలేయడమే కారణం. నీటి ఆవిరి సాయం లేకుండానే ఉపరితలం చల్లబడుతుంది, కానీ ఆ వేడంతా గాలిలోకే చేరుతుంది. "చెట్లు చల్లబరుస్తాయి" అని రాసేటప్పుడు ఏది చల్లబడిందో, ఉపరితలమా, గాలా, చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు.

మొత్తం ఇప్పటిదాకా: సమీకరణాలు 1. మనం ఎంచుకోవాల్సిన అంకెలు 5 (అల్బెడో, ఉద్గార గుణకం, గాలి నిరోధం, ఆకుల నిరోధం, నేలలోకి వెళ్లే వంతు). శక్తి పద్దు సరిపోయింది.

దశ 2: నీళ్ల బాన

నేలను నీరు పట్టే ఒక బానగా తీసుకున్నాను. వాన లోపలికి, ఆవిరి బయటికి, మిగిలింది నిల్వ.

నెలసరి వాన అంకెలను రోజులకు సమానంగా పంచి ఇచ్చినప్పుడు నమూనాలో ఒక్క మొక్కా బతకలేదు. నెలకు 30 మి.మీ. పడితే రోజుకు 1 మి.మీ. అయింది. ఆ 1 మి.మీ. పైపొరలోనే తడిసి అదే రోజు ఆవిరైపోయింది. వేళ్ల దాకా ఏమీ దిగలేదు, వాలు మీద ఏమీ పారలేదు. నీటి పద్దు మాత్రం చక్కగా కుదిరింది. పద్దు కుదరడం అవసరమే గానీ సరిపోదని ఇక్కడ తేలింది. మెట్ట ప్రాంతంలో వాన ఎంత పడిందన్నదాని కంటే ఎలా పడిందన్నదే ఎక్కువ.

మార్పు: వానను గంటల్లో, జోరుగా పడేలా ఇచ్చాను. దానితో పాటు నీరు నేలలోకి ఇంకే వేగం కూడా.

1. 40 మి.మీ. వాన 2 గంటల్లో, అంటే గంటకు 20 మి.మీ.
2. బోడి నేలలో గంటకు 5 మి.మీ. మాత్రమే ఇంకుతుంది. చినుకుల దెబ్బకు మట్టి రేణువులు విడిపోయి పైన గట్టి పొర కడుతుంది.
3. మొక్కలున్న చోట గంటకు 50 మి.మీ. ఇంకుతుంది. ఆకులు చినుకు దెబ్బను కాస్తాయి. వేళ్లూ చెదలూ మట్టిలో కన్నాలు చేస్తాయి.
4. వాలు పైన 2 వంతులు బోడి నేల, కింద 1 వంతు మొక్కలు.

పద్దు: బోడి నేలలో 10 మి.మీ. ఇంకింది, 30 పారింది. రెండు వంతుల నుంచి వచ్చిన 60, సొంత వాన 40 కలిపి మొక్కల వంతుకు 100 మి.మీ. రెండు గంటల్లో దాని ఇంకే సామర్థ్యమూ సరిగ్గా 100. సగటు చూస్తే (10 + 10 + 100) ÷ 3 = 40. ఒక్క చుక్క తేడా లేదు.

ఏడాదిలోని 500 మి.మీ. ఇలాగే పడితే ఆ పచ్చ వంతుకు అందేది 1250 మి.మీ. మొక్కలు తడి నేల వాతావరణంలో బతుకుతున్నట్టే, చుట్టూ ఎడారి లాంటి నేల. ఆ బోడి నేలను పాడైన నేలగా చూడకూడదు, అది మొక్కల నీటి పరీవాహకం. దాన్నీ పచ్చగా చేద్దామని అక్కడ మొక్కలు నాటితే కింది పట్టీకి అందే నీరు తగ్గుతుంది. ఇసుక నేలల్లో ఈ లెక్క వర్తించదు, ఎందుకంటే అక్కడ బోడి చోట కూడా నీరు గబగబా ఇంకిపోతుంది.

ఇక్కడే శక్తి పద్దుతో ఒకసారి సరిచూశాను. రోజుకు 1 మి.మీ. ఆవిరి కావాలంటే 28.4 వాట్లు ఖర్చు. 1250 మి.మీ. అంటే రోజుకు 3.4 మి.మీ., ఏడాది సగటున 97 వాట్లు. ఇది సాధ్యమే. ఇంకే సామర్థ్యం అడ్డు రాదనుకుని బోడి వంతు పెంచుకుంటూ పోతే మొక్కలకు 2500 మి.మీ. అందే అమరిక వస్తుంది. దానికి 195 వాట్లు కావాలి, ఏడాది సగటు నికర వికిరణం సాధారణంగా అంత ఉండదు. చుట్టూ కాగిన నేల మీది వేడి గాలి కొంత శక్తిని తెచ్చిపెడుతుంది గానీ అది హద్దు లేనిది కాదు. అందుకే బోడి, పచ్చ వంతుల నిష్పత్తికి నీటి వైపు నుంచే కాక శక్తి వైపు నుంచి కూడా పైహద్దు పెట్టాను.

మొత్తం: సమీకరణాలు 2. ఎంచుకున్న అంకెలు 8. రెండు పద్దులూ సరిపోయాయి.

దశ 3: వాలు

దశ 2లో పచ్చ వంతు ఎక్కడుండాలో నేనే చెప్పాను. అది తనంతట తాను ఏర్పడుతుందా అన్నదే ఈ దశ ప్రశ్న. ప్రకృతిలో ఏర్పడుతుంది. 1950లో మక్‌ఫాడ్యెన్ అప్పటి బ్రిటిష్ సొమాలీలాండ్ విమాన ఫొటోల్లో వాలుకు అడ్డంగా సాగిన పచ్చ చారలను వివరించాడు. నైజర్‌లో వీటిని పులి చారల పొదలంటారు. కంటికి చదునుగా అనిపించేంత తక్కువ వాలు మీద కూడా ఇవి కనిపిస్తాయి.

1999లో క్లౌస్‌మైయర్ ఇచ్చిన రెండు సమీకరణాలు వాడాను. మాటల్లో చెబితే:

- నీటిలో మార్పు = వాన − ఆవిరి − మొక్కలు తాగింది + పైనుంచి జారి వచ్చింది.
- మొక్కల్లో మార్పు = తాగిన నీటితో పెరుగుదల − చావు + పక్కకు పాకడం.
- తాగేది = నీరు × మొక్కలు × మొక్కలు. మొక్కల్ని రెండుసార్లు గుణించడం దేనికంటే, మొక్కలు పెరిగితే తాగే నోళ్లూ పెరుగుతాయి, నీరు ఇంకడమూ పెరుగుతుంది. దశ 2లోని ఇంకుడు తేడా ఇక్కడ ఈ రూపంలో వచ్చింది.

కొలతలేని రూపంలోకి మారిస్తే కాలం ప్రమాణం 3 నెలలు, దూరం ప్రమాణం అర మీటరు అవుతాయి. గడ్డికి చావు రేటు 0.45, చెట్లకు 0.045. నీరు జారే వేగం 182.5, అంటే రోజుకు 1 మీటరు. గడ్డికి 250 మి.మీ. వాన అంటే 0.94, 750 అంటే 2.81.

కోడ్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి రెండు పరీక్షలు. ఎక్కడా తేడా లేని సమాన పచ్చదనంతో మొదలుపెట్టి, 500 మి.మీ. వానకు గడ్డి విలువ 3.91 దగ్గర నిలవాలి. 250 మి.మీ.కు 1.33 దగ్గర. వాన 240 కంటే తగ్గితే సమాన పచ్చదనం అనే జవాబే ఉండదు, బోడి నేల ఒక్కటే మిగులుతుంది. ఈ మూడూ కాగితం మీద వర్గ సమీకరణంతో వచ్చేవే. ఇవి రాకపోతే ముందుకు వెళ్లొద్దు.

ఇక విరిగినవి.

3అ. నీరు మైనస్‌లోకి పోవడం. లెక్క కోసం వాలును గడులుగా, కాలాన్ని అడుగులుగా విడగొట్టాను. గడి వెడల్పు అర మీటరు, కాలపు అడుగు 0.0055, అంటే అర రోజు. ఒక గడిలో మొక్కల విలువ 13.5 దాటగానే అవి ఒక్క అడుగులో ఆ గడిలో ఉన్న నీటి కంటే ఎక్కువ తాగేస్తున్నాయి. నీటి విలువ మైనస్ అవుతుంది. మైనస్ వస్తే సున్నా చేసేయడం అందరికీ ముందు తట్టే మందు. చేసి చూస్తే బొమ్మ అందంగా వచ్చింది, పట్టీలు కూడా వచ్చాయి. నీటి పద్దు మాత్రం తేలలేదు. మైనస్‌ను సున్నా చేసిన ప్రతిసారీ ఎవరూ కురిపించని నీరు పుడుతోంది, అదీ పచ్చదనం దట్టంగా ఉన్న గడుల్లోనే. మొక్కలకు దొంగ నీళ్లు పోసి బతికించిన నమూనా అది.

మార్పు: తాగే లెక్కను అడుగు చివరి నీటితో కట్టాలి.

1. పాత నీటికి ఈ అడుగు వాన కలపాలి.
2. దాన్ని 1 + అడుగు × (1 + మొక్కలు × మొక్కలు)తో భాగించాలి. వచ్చేదే కొత్త నీరు. ఇది ఎప్పుడూ మైనస్ కాదు.
3. ఆ కొత్త నీటితోనే మొక్కలు తాగినది లెక్కేసి, సరిగ్గా అంతే మొక్కల పద్దులో జమ చేయాలి.

మూడో మెట్టులో పాత నీటి విలువ వాడితే పద్దు మళ్లీ చెదురుతుంది. దీని తర్వాత తేడా కంప్యూటర్ రౌండింగ్ స్థాయికి దిగింది.

3ఆ. లేని వ్యాపనం, అంటే పక్కలకు పరుచుకోవడం. నీటిని కిందికి జరపడానికి సాధారణంగా పై గడి విలువతో తేడా తీసే పద్ధతి వాడతారు. అడుగును సగానికి తగ్గించి వాడితే అది స్థిరంగానే ఉంటుంది, కానీ నీటిని పక్కలకు పులిమేస్తుంది. ఎంత పులుముతుందో లెక్కేస్తే ఏడాదికి 46 చదరపు మీటర్లు. మొక్కలు పాకే వ్యాపనం 1. సమీకరణంలో ఎక్కడా లేని ఒక ప్రక్రియ ఉన్నదానికి 46 రెట్లు వచ్చి చేరింది.

చిన్న విషయమని వదిలేయకపోవడానికి కారణం ఉంది. నీరు మొక్కల కంటే చాలా వేగంగా వ్యాపిస్తే, వాలు లేకపోయినా చుక్కలూ చారలూ ఏర్పడతాయి. కాబట్టి ఈ పద్ధతిలో కనిపించిన పట్టీ వాలు వల్ల వచ్చిందా, పులమడం వల్ల వచ్చిందా చెప్పలేం.

మార్పు: అడుగును ఒక గడి దూరానికి సరిగ్గా సరిపెట్టాలి. అర రోజులో అర మీటరు. అప్పుడు నీటి వరుసను మొత్తంగా ఒక గడి కిందికి జరిపితే చాలు. పులమడం సున్నా. నంపైలో ఒక్క లైను పని. ఏడాదికి 730 అడుగులు.

3ఇ. కురచ పట్టా. పట్టా అంటే లెక్కకు తీసుకున్న వాలు ముక్క. వేగం కోసం 64 గడులతో, అంటే 32 మీటర్లతో నడిపాను. కింద దిగిన నీరు మళ్లీ పైనుంచి వచ్చేలా రెండు చివరలు కలిపి ఉన్నాయి. గడ్డికి బాగుంది. చెట్లకు పట్టీల దూరం పట్టాయే నిర్ణయించింది. 32 మీటర్లలో చెట్ల స్థాయికి దగ్గరగా 32 లేదా 16 దూరమే ఇముడుతుంది, వేరే దారి లేదు. ఇప్పుడు 512 గడులు, 256 మీటర్లు.

పట్టీల దూరం ఎంత రావాలో ముందే కాగితం మీద కట్టుకోవచ్చు. సమాన పచ్చదనంలో చిన్న అల పెట్టి ఏ అల వేగంగా పెరుగుతుందో చూడాలి. 500 మి.మీ. వానకు వచ్చినవి:

- గడ్డి: దూరం సుమారు 11.5 మీటర్లు, అల దాదాపు 10 నెలల్లో 2.7 రెట్లు పెరుగుతుంది, వాలు ఎగువకు ఏడాదికి 1.8 మీటర్లు కదులుతుంది.
- చెట్లు: దూరం సుమారు 27 మీటర్లు, 2.7 రెట్లు పెరగడానికి 16 ఏళ్లు, కదలిక ఏడాదికి 0.57 మీటరు.

పట్టీ ఎగువకు కదలడంలో వింతేమీ లేదు. పైనుంచి వచ్చే నీరు ముందు తగిలేది ఎగువ అంచుకే, అక్కడ కొత్త మొలకలు నిలుస్తాయి. దిగువ అంచుకు మిగిలేది తక్కువ, అక్కడ చస్తాయి. క్షేత్రంలో కొన్ని చోట్ల ఏడాదికి కొన్ని పదుల సెంటీమీటర్ల కదలిక కనిపించింది, కొన్ని చోట్ల పట్టీలు కదలనే లేదు. చెట్ల అంకె ఆ స్థాయిలోనే ఉండటం నాకు ధైర్యం ఇచ్చింది.

3ఈ. తొందర. చెట్ల నమూనాను 50 ఏళ్లు నడిపితే పట్టీలు రాలేదు. అది వైఫల్యం కాదు, పై లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక శాతం హెచ్చుతగ్గు పూర్తి పట్టీగా మారడానికి 73 ఏళ్లు పడుతుంది. చెట్లకు కనీసం 300 ఏళ్లు, అంటే 2,19,000 అడుగులు నడపాలి.

3ఉ. వాన తగ్గించడం. 500 నుంచి 200 దాకా 10 మి.మీ. చొప్పున తగ్గిస్తూ, ప్రతి మెట్టులో 300 ఏళ్లు ఆగడం. 30 మెట్లు, 9000 ఏళ్లు, 65,70,000 అడుగులు. రాత్రి పెట్టి వదిలేయాల్సిన పని.

ఇక్కడ జాగ్రత్త అవసరం. గడ్డిని హెచ్చుతగ్గులు ఏమీ కలపకుండా నడిపితే సమాన పచ్చదనం 240 దాకా నిలిచి ఒక్కసారిగా బోడి అవుతుంది. చూడటానికి గొప్ప మలుపు. కానీ ఒక శాతం హెచ్చుతగ్గు కలిపితే 500 దగ్గరే పచ్చదనం పట్టీలుగా విడిపోతుంది, ఆ పట్టీలు 240 దాటి కిందికి కూడా బతుకుతాయి. అందరూ గీసి చూపించే ఆ కొండచరియ లాంటి గీత, హెచ్చుతగ్గులు ఉన్న ఏ వాలుకూ ఎదురయ్యేది కాదు. పట్టీలు పడటాన్ని నేల ఎడారి అవుతోందనే హెచ్చరికగా మాత్రమే చూడటం నాకు నచ్చదు. తక్కువ నీటితో బతకడానికి ఆ నేల ఎంచుకున్న అమరిక అది.

వెనక్కి రావడం వేరే కథ. పూర్తిగా బోడి అయ్యాక వానను మళ్లీ 500 చేసినా ఏమీ మొలవదు. మొక్కల విలువ సుమారు 0.25 దాటేలా విత్తితేనే నిలుస్తాయి, దానికంటే తక్కువైతే చచ్చిపోతాయి. పోయిన దారీ వచ్చే దారీ ఒకటి కావు.

ఈ దశలో నాకు తృప్తి లేనిది ఒకటుంది. దశ 2లో వాన 2 గంటల్లో పడి పారుతుంది. దశ 3లో నీరు ఏడాది పొడవునా రోజుకు మీటరు చొప్పున జారుతుంది. ఇది సగటు చేసిన బొమ్మ. పట్టీ ఎందుకు వస్తుందో చెప్పడానికి చాలు. ఫలానా వానకు ఎంత నీరు పారిందో అడిగితే దశ 2నే వాడాలి.

మొత్తం: సమీకరణాలు 4. ఎంచుకున్న అంకెలు 11. రెండు పద్దులూ సరిపోయాయి.

దశ 4: వానను నేలకు కట్టడం

ఇప్పటిదాకా వాన పైనుంచి ఇచ్చినదే. నేల మారితే వాన మారుతుందా? 1975లో వాతావరణ శాస్త్రవేత్త చార్నీ, అతని సహచరులు సహారా దక్షిణ అంచున ఈ ప్రశ్న వేశారు. కంప్యూటర్ నమూనాలో అల్బెడోను 14 శాతం నుంచి 35 శాతానికి పెంచితే వాన మేఖల దక్షిణానికి జరిగి, ఆ అంచునే ఉన్న సాహెల్‌లో వానాకాలపు వాన సుమారు 40 శాతం తగ్గింది. తెల్ల నేల ఎండను తిప్పికొడుతుంది, పైనున్న గాలి శక్తి కోల్పోయి కిందికి దిగుతుంది, దిగే గాలిలో వాన పుట్టదు.

దీన్నే సరళరేఖగా తీసుకున్నాను: అల్బెడో 0.01 పెరిగితే వాన 1.9 శాతం తగ్గుతుంది. నా నమూనాలో గడ్డి 0.20, బోడి నేల 0.35. పూర్తిగా బోడి అయితే వాన 28.6 శాతం తగ్గుతుంది, 500 కాస్తా 357 అవుతుంది.

4అ. స్థాయి కలవకపోవడం. 256 మీటర్ల పట్టా బోడి అయిందని వాన మేఖల జరగదు. చార్నీ మార్చింది ఖండపు అంచులో విశాలమైన ప్రాంతాన్ని. ఒక్క పట్టాకు ఈ సంబంధం కడితే అర్థం లేని ఫలితం వస్తుంది. మార్పు: వాలు, తొలి విత్తనం వేర్వేరుగా ఉన్న పట్టాలను కలిపి నడిపి, వాటి సగటు అల్బెడోతో వాన నిర్ణయించడం.

4ఆ. రెపరెపలు. ప్రతి అడుగులో వాన మార్చితే నమూనా వణికింది. అర రోజులో అల్బెడో మారితే మరుసటి అర రోజు వాన మారడం ప్రకృతిలో జరిగేది కాదు. మార్పు: ఒక ఏడాది, అంటే 730 అడుగుల సగటు అల్బెడో తీసుకుని, వచ్చే ఏడాది వానకు వాడటం.

4ఇ. ఏ గుర్తు? అంటే మొక్కలు పోతే వాన తగ్గుతుందా, పెరుగుతుందా? చాలా ఆలోచించింది దీని గురించే. దశ 1 ప్రకారం మొక్కలు పోతే అల్బెడోతో పాటు గరుకుదనం, ఆవిరి కూడా మారతాయి, కాబట్టి చార్నీ దారి ఒక్కటే సరిపోదు. 2004లో కోస్టర్ బృందం చాలా నమూనాలను పోల్చి, నేల తేమ వానను బాగా ప్రభావితం చేసే చోట్లు గుర్తించింది: ఉత్తర అమెరికా గ్రేట్ ప్లెయిన్స్, సాహెల్, భారతదేశం. 2012లో టేలర్ బృందం పరిశీలనల్లో మధ్యాహ్నపు వాన చుట్టుపక్కల కంటే పొడిగా ఉన్న నేల మీద పడే అవకాశమే ఎక్కువ అని తేలింది. సాహెల్ కరువుకు ప్రధాన కారణం సముద్రపు వేడిలో మార్పులని 2003లో జియానీనీ బృందం చూపించింది. అంతకు ముందే, 1999లో, జెంగ్ బృందం మొక్కలను కదిలే భాగంగా కలిపితే ఆ హెచ్చుతగ్గులు పెద్దవవుతాయని చూపింది.

అందుకే సంబంధం గుర్తును ఒక స్విచ్‌గా పెట్టాను: చార్నీ వైపు, సున్నా, ఎదురు వైపు. మూడూ నడిపి మూడూ పక్కపక్కనే పెట్టాలి. ఒక్కదాన్నే చూపించడం చూసేవాళ్లకు అన్యాయం.

చార్నీ వైపు పెట్టినప్పుడు సమాన పచ్చదనానికి కాగితం మీదే ఒక విషయం తేలుతుంది. పచ్చగా ఉన్నప్పుడు 336 మి.మీ. పడే చోట బోడి అయితే పడేది 240. అంటే 240 నుంచి 336 మధ్య ఉన్న నేల ఒకసారి బోడి అయితే, కొద్ది భాగంలో విత్తనం చల్లినా ఆ వానకు సమాన పచ్చదనం నిలవదు. వాన పెరగాలంటే విశాలంగా పచ్చబడాలి, పచ్చబడాలంటే వాన కావాలి. సున్నా గుర్తుకు ఈ 96 మి.మీ. పరిధి మాయమవుతుంది, విత్తనం ఆ వానకు తగ్గ హద్దు దాటితే చాలు. పట్టీలుగా ఉన్న నేలకు పరిధి ఇంకోలా ఉంటుంది, ఎందుకంటే పట్టీలు 240 కిందా బతుకుతాయి, కానీ నేలలో ఎక్కువ భాగం బోడిగానే ఉండి అల్బెడోను పైకి లాగుతుంది.

మొత్తం: సమీకరణాలు 5. ఎంచుకున్న అంకెలు 14. నీటి పద్దు పట్టా లోపల సరిపోతుంది. వాన మారినప్పుడు ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో ఈ నమూనాలో లేదు, కాబట్టి ప్రాంతం స్థాయిలో పద్దు ఇంకా తెరిచే ఉంది.

ఇప్పుడు నడుస్తున్నది

1. దశ 1లోని గాలి నిరోధాన్ని మొక్కల విలువతో కట్టడం. పట్టీలో 20, బోడిలో 80, మధ్యలో సరళరేఖ.
2. వాన సంబంధాన్ని అల్బెడోతో కాకుండా గాలిలోకి వెళ్లే వేడి, ఆవిరి రెండింటితో విడివిడిగా కట్టడం. దీనితో ఎంచుకునే అంకెలు 15 అవుతాయి. అంతకు మించి పెంచే ఉద్దేశం లేదు.
3. 3ఉ ప్రయోగాన్ని మూడు గుర్తులతోనూ తిరిగి నడపడం: 3 × 65,70,000 = 1,97,10,000 అడుగులు, ఒక్కో పట్టాకు. మెట్టుకు 300 ఏళ్ల ఆగుడును గడ్డికి 30కి తగ్గించవచ్చు, చెట్లకు తగ్గించకూడదు.
4. ప్రతి మెట్టు చివర నీటి పద్దు, శక్తి పద్దు, పట్టీల సంఖ్య, సగటు అల్బెడో ఫైల్‌లో రాయించడం. పద్దు తేడా వస్తే పరుగు అక్కడే ఆగేలా కోడ్‌లో పెట్టాను.